సగం బల్ల

ఆదివారం పొద్దున్న ఏడింటికి టైలరమ్మ గోధుమరంగు కాగితాన్ని నేలమీద పరిచి, దాని ముందు మోకాళ్ళమీద కూర్చుంది. సాయంత్రం నాలుగయ్యేసరికి ముందు హాల్లో బల్ల ఉండి తీరాలి. ఉండకపోతే ఆడపడుచు ముందు తలెత్తుకునే దారి లేదు.

ఆడపడుచంటే భర్తకి అక్కగారు. ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు కిటికీ అంచుమీద వేలు రాసి, ఆ వేలు చూసుకుని, తరవాత కుశలప్రశ్నలు వేసే మనిషి. పోయినసారి వచ్చినప్పుడు హాల్లో సంచీ దించుకునే చోటు దొరకక అరగంటసేపు భుజాన వేసుకునే నిలబడింది. "ఒక బల్ల కొనుక్కోరాదుటమ్మా?" అంది. "కొనడమెందుకు వదినా, నేనే చేస్తాను" అని టైలరమ్మ నోరు జారింది. నిన్న ఫోనొచ్చింది. "రేపు నాలుగింటికి వస్తున్నా. నువ్వు చేసిన బల్ల చూడాలి."

చెక్క ఇంట్లోనే ఉంది. వాళ్ళమ్మ బట్టలు కత్తిరించిన టేకు బల్ల. కాళ్ళు చెదలు తినేశాయిగానీ పైచెక్క చెక్కు చెదరలేదు. దాని ముందు నిలబెట్టే అమ్మ కత్తెర పట్టడం నేర్పింది. అది పాడయిందా, అలాంటిది ఇంకోటి ఎక్కడా దొరకదు. అందుకే టైలరమ్మ తొందరపడలేదు. చంకకోతలు గీసే వంపు స్కేలుతో, ఇరవయ్యేళ్ళ అలవాటు చొప్పున కాగితం మడిచి, నిండైన కోలబల్లకి సగం బొమ్మ గీసింది. సూటిగా ఉన్న అంచు పొడుగునా "మడత" అని రాసింది, అంటే అక్కడ కాగితం తిప్పేసి రెండో సగమూ గీసుకోవాలని. ఇంకో కాగితం మీద, పైన కాస్త ఉబ్బి కింద సన్నగా లోపలికి తిరిగే కాలు గీసి "జత" అని రాసింది. సగానికి జత, మొత్తానికి నాలుగు. కుట్టుపని తెలిసినవాళ్ళెవరికైనా ఇది తెలిసిన లెక్కే.

ఆమె భర్తకి కుట్టుపని తెలియదు. ఆయన గ్రంథాలయంలో పనిచేస్తాడు. రాసింది రాసినట్టు చదవడం, చెప్పింది చెప్పినట్టు చేయడం ఆయన సుగుణాలు.

"ఏమండీ, ఈ చెక్కా కాగితాలూ కోతమిల్లు వడ్రంగికి ఇవ్వండి. మధ్యాహ్నానికల్లా ఒక కోటు కుట్టి ఇచ్చెయ్యాలి, లేకపోతే నేనే వెళ్ళేదాన్ని."

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఏం చెప్పకండి. అంతా కాగితం మీదే ఉంది. గీత దాటకుండా కోయమనండి, చాలు."

ఆయన ఏం చెప్పలేదు. పన్నెండున్నరకి ఆటోలోంచి దిగి, అర్ధచంద్రంలా ఉన్న చెక్కనీ, రెండు కాళ్ళనీ, ఒక గోనెసంచినీ హాల్లో పెట్టాడు. చెక్క సూటి అంచుకి మూడు కొత్త మడతబందులు తళతళ మెరుస్తున్నాయి.

టైలరమ్మ చెక్కని చూసింది. సంచి చూసింది. మొగుణ్ణి చూసింది.

"మిగతా సగమేదండీ?"

"మిగతా సగమేమిటి?"

"బల్లలో సగం! ఇవేమిటి, మడతబందులెందుకు?"

"మడత అని రాశావుగా. వడ్రంగి చూసి, ఓహో మడతబందులు కావాలేమో అని తన దగ్గరున్నవే బిగించి ఇచ్చాడు. చాలా మంచివాడు."

"కాళ్ళు రెండేనా?"

"జతంటే రెండే కదా?"

"పోనీ, మిగిలిన చెక్క తెచ్చారా? దాంతో ఇంకో సగం కోయిద్దాం."

ఆయన గోనెసంచి బోర్లించాడు. జానెడు ముక్కలు పది దొర్లాయి. "ఇంత మంచి టేకు ఉండగా కాళ్ళకి వేరే కర్ర ఎందుకని దాంట్లోంచే తీశాడు. నాకూ సబబుగానే అనిపించింది."

టైలరమ్మ గోడకి చేరగిలబడింది. సగం చెక్క మీద అమ్మ కత్తెర మొన గీసిన సన్నటి గీతలు అలాగే ఉన్నాయి. మిగతా గీతలు ముక్కలుముక్కలై నేలమీద పడున్నాయి. కళ్ళు చెమర్చాయి. ముక్కు గట్టిగా ఎగబీల్చి లేచింది.

"సగమైతే సగమే. స్క్రూలివ్వండి."

"కోటో?"

"కోటు ఇచ్చేశాను. ఇప్పుడు నాకు బల్ల తప్ప వేరే పని లేదు."

రెండున్నరకి అంచులు నున్నగా గరుకుకాగితం పట్టింది. మూడింటికి కాళ్ళు రెండూ ముందువైపు బిగించింది. లేపి గోడకి ఆనిస్తే ఒక్క క్షణం అందంగా నిలబడి, వెనక్కి జారి కూలబడింది. ఇటుకలు పెట్టి చూశారు. పుస్తకాల దొంతర పెట్టి చూశారు. భర్త చెయ్యి పెట్టి పట్టుకున్నప్పుడు మాత్రం కొండలా కదలకుండా నిలబడింది.

"అలాగే ఉండండి" అంది టైలరమ్మ.

"ఎంతసేపు?"

నాలుగు కాకుండానే తలుపు గంట మోగింది.

టైలరమ్మ ఒక్క ఉదుటున మిషను దగ్గరికి పరిగెత్తి, అంచు కుట్టని పరదాగుడ్డ తెచ్చి బల్లచుట్టూ గుండుసూదులతో తగిలించింది. గుడ్డ వెనకాల, బల్ల కింద, భర్త గొంతుక్కూర్చుని రెండు చేతులతో చెక్కని ఎత్తి పట్టుకున్నాడు. "ఊపిరి కూడా మెల్లిగా తీసుకోండి" అని చెప్పి తలుపు తీసింది.

ఆడపడుచు కిటికీ అంచుమీద వేలు రాసింది. వేలు చూసుకుంది. తరవాత బల్లవైపు తిరిగింది.

"నిజంగా నువ్వే చేశావా?"

"నేనే వదినా."

"వంపు బాగా కుదిరింది. తమ్ముడేడీ?"

"ఇక్కడే... దగ్గర్లోనే ఉన్నారు."

"సరే" అంటూ ఆమె భుజాన్నున్న సంచీ తీసి బల్లమీద పెట్టింది. అందులో తమ్ముడికోసం మోసుకొచ్చిన రెండు లావుపాటి నిఘంటువులున్నాయి. బల్ల రెండంగుళాలు దిగింది. మూలిగింది. మళ్ళీ లేచింది.

"ఇదేమిటి, ఊపిరి పీలుస్తోంది?"

"కొత్త చెక్క కదా వదినా, సర్దుకుంటోంది."

సరిగ్గా అప్పుడే రంపంపొట్టు ముక్కులోకి పోయి బల్ల తుమ్మింది. గుండుసూదులు ఊడాయి, పరదా జారింది, సంచీ పక్కకి ఒరిగింది. సంచిని పట్టుకోబోయిన తమ్ముడు చెక్క వదిలేశాడు. చెక్క వచ్చి ఆయన వీపుమీద ఆగింది.

"బాగున్నావా అక్కయ్యా?" అన్నాడు ఆయన నేలవైపు చూస్తూ.

టైలరమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. వెనకనుంచి ఇక మొదలవుతుందనుకున్న దండకం ఎంతకీ మొదలవలేదు. తిరిగి చూస్తే ఆడపడుచు కళ్ళజోడు సవరించుకుని, వంగి, చెక్క వెనక అంచునున్న మడతబందులు తడుముతోంది.

"ఇవి గోడకి బిగించడానికే కదమ్మా, మరి బిగించలేదేం? డ్రిల్లుందా?"

పరదాల పనికి కొన్న డ్రిల్లుంది. పావుగంటలో మడతబందులు మూడూ గోడలో కూర్చున్నాయి. ఆడపడుచు నిఘంటువులు రెండూ పైన పెట్టింది. తన రెండు మోచేతులూ ఆనించి బరువేసింది. బల్ల కదల్లేదు. తరవాత వీధి తలుపు పూర్తిగా తెరిచి చూసింది. తలుపు రెక్కకీ బల్ల అంచుకీ మధ్య సరిగ్గా బెత్తెడు సందు మిగిలింది.

"అందరూ నాలుగు కాళ్ళ కోలబల్ల తెచ్చి పెడతారు, ఇక తలుపు సగమే తెరుచుకుంటుంది" అందామె. "సగానికే కోయించావు, ఎదర రెండు కాళ్ళే పెట్టావు, వెనక గోడకి పట్టించావు. ఎంత ఆలోచించావే! మీ అమ్మ బల్లేనా ఇది?"

"అవును వదినా" అంది టైలరమ్మ.

వెళ్ళేముందు ఆడపడుచు తన ముందుగది కొలతలు రాసి ఇచ్చింది. "వచ్చే నెలకి నాకూ ఒకటి. అచ్చం ఇలాగే ఉండాలి, ఒక్క వెంట్రుకవాసి తేడా రాకూడదు."

ఆ సాయంత్రంనుంచి టైలరమ్మకి పట్టుకున్న బెంగల్లా ఒక్కటే: జరిగిన పొరపాట్లలో ఒక్కటి కూడా పోకుండా, అదే వరసలో, మళ్ళీ చేయడం ఎలా అని.