పాలు పొంగేదాకా

నీలాటిపేట ఏడో వార్డులో ఒకే సమయంలో నలుగురు మాత్రమే కదలగలరు. మిగతావాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఎక్కడున్నవాళ్ళు అక్కడ, ఎలా ఉన్నవాళ్ళు అలా ఆగి ఉంటారు. అన్నం ముద్ద నోటి దగ్గరికొచ్చి ఆగుతుంది, తుమ్ము ముక్కు దాకా వచ్చి ఆగుతుంది. ఆగినవాళ్ళకి ఆకలి వెయ్యదు, వయసు పెరగదు, అసలు ఆగినట్టే తెలియదు. వంతు రాగానే ఆ తుమ్మేదో తుమ్మేసి పనిలో పడతారు. నిప్పూ నీళ్ళూ, ఎండా వానా మాత్రం ఎవరి వంతూ చూసుకోవు గనక వాటితో కాస్త జాగ్రత్తగా ఉండాలి. మున్సిపాలిటీ ఏడో వార్డుకి మంజూరు చేసిన కదలికలు నాలుగే. పెద్ద పట్నాల్లో ఒక్కో వార్డుకి అరవై దాకా ఉంటాయట అని వింటే ఇక్కడివాళ్ళు నోళ్ళు తెరిచేవాళ్ళు. ఆ నోరు మూసుకోవాలంటే మళ్ళీ వంతు రావాలి.

బస్టాండు పక్కన కళ్ళజోళ్ళ కొట్టు నడిపే వడ్లమూడి పురుషోత్తానికి ఇదంతా ఎన్నడూ వింతగా అనిపించలేదు. పుట్టిందగ్గర్నుంచీ చూస్తున్నదే. ఆయన బెంగంతా సింహాచలం కాలం గురించి.

సింహాచలం వార్డు వంతులవాడు. వంతులిచ్చేవాడికి వంతు అక్కర్లేదు గనక, ఆ నలుగురికీ బయట, ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవాడు. తలకి తువ్వాలు చుట్టుకుని వీధి వీధీ తిరుగుతూ భుజం తట్టేవాడు. ఒకసారి తడితే కదలాలి, మళ్ళీ తడితే ఆగాలి. అందరికంటే ఎక్కువసేపు ఆగినవాడికి ముందు వంతు అన్నది రాసిపెట్టి ఉన్న పద్ధతి. రాయనివి సింహాచలం బుర్రలో ఉండేవి. ఏడుస్తున్న పిల్లనీ తల్లినీ కలిపి తట్టేవాడు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటుంటే ఒకళ్ళ తరవాత ఒకళ్ళని, మధ్యలో బాగా ఎడమిచ్చి తట్టేవాడు. ఆ లోపు వంటింట్లో కూర మాడిపోయి, ఇద్దరూ ఒకటై దాన్ని దింపే పనిలో పడేవాళ్ళు. పెళ్ళిళ్ళలో సన్నాయికి ఒకటి, డోలుకి ఒకటి, పురోహితుడికి ఒకటి, పెళ్ళికొడుక్కి ఒకటి ఇచ్చేసరికి కదలికలు అయిపోయేవి. పెళ్ళికూతురు తలొంచుకునే ఉండిపోయేది. చూసినవాళ్ళు పిల్ల ఎంత అణకువగలదో అని మెచ్చుకునేవాళ్ళు.

అన్నిటికంటే కాఫీ వంతు గొప్పది. పొద్దున్నే రెండేసి ఇళ్ళ చొప్పున మొగుణ్ణీ పెళ్ళాన్నీ ఒకేసారి తట్టి, గ్లాసులు ఖాళీ అయ్యేదాకా సింహాచలం వీధరుగు మీద కూర్చునేవాడు. వీధి చివరి ఇళ్ళవాళ్ళకి పొద్దుటి కాఫీ మిట్టమధ్యాహ్నం దొరికేది. వాళ్ళు నిష్ఠూరాలాడేవాళ్ళే కానీ, ఈ ఆచారం మానెయ్యమని ఎవరూ అనలేదు.

పురుషోత్తం ఇంట్లో కాఫీ వంతు ఏళ్ళ తరబడి ఒక్కలాగే నడిచింది. ఆయన భార్య హైమావతి స్టవ్ మీద పాలు పెట్టి, కాస్త దూరంగా ముక్కాలిపీట మీద మోకాళ్ళ మీద చేతులేసుకుని కూర్చునేది. ఆయన స్టవ్‌కి వీపు పెట్టి, ఆవిడకి ఎదురుగా కుర్చీలో కూర్చుని, తన కళ్ళజోడూ ఆవిడ జోడూ తుడిచేవాడు. పాలు పొంగు మీదికి రాగానే ఆవిడ "పాలండీ" అనేది. ఆయన "ఆఁ" అనేవాడు, లేచేవాడు కాదు. ఆవిడే లేచేది. ఇంతకు మించి ఏ విశేషమూ జరగని ఆ పొద్దుల్ని పురుషోత్తం ఇప్పుడు తలుచుకుని తలుచుకుని కరిగిపోతుంటాడు.

తరవాత ప్రభుత్వం వారు ఇష్టపద్ధతి తెచ్చారు. ఇకమీదట వంతులు ఎలా ఇవ్వాలో ఏ వార్డుకి ఆ వార్డే రాసుకోవచ్చు. రాసినదాన్ని పైనుంచి ఒక పరీక్షాధికారి వచ్చి చూస్తాడు. పద్ధతి మధ్యలో ఎక్కడా చిక్కుబడి ఆగిపోదు కదా అన్నంత వరకే ఆయన చూసేది. మంచిదా చెడ్డదా అన్నది ఆయన పరిధి కాదు. దానికి తోడు ఒక రక్షణ కూడా పెట్టారు. వార్డులో ఏ ఒక్కరికైనా నెల దాటినా వంతు రాకపోతే, కొత్త పద్ధతి దానంతటదే ఊడిపోయి పాతది వచ్చేస్తుంది. పక్క వార్డువాళ్ళు ఇంటిపేర్లని బట్టి వంతులు రాసుకున్నారు. ఆ అవతలి వార్డులో గట్టిగా అరిచినవాడికే వంతు.

ఏడో వార్డు కమిటీ అధ్యక్షుడు దుగ్గిరాల సుదర్శనం చదువుకున్నవాడు, న్యాయం తెలిసినవాడు. "ఎవరి పనిని బట్టి వాళ్ళకి వంతు" అన్నాడు. కాదనడానికి ఎవరికీ ఏమీ తోచలేదు. ఇంటింటికీ సర్వే చేశారు. సర్వే ఆయన పురుషోత్తం గుమ్మంలో నిలబడి, మీరేం చేస్తారని అడిగి రాసుకుని, "మరి మీ ఆవిడండీ?" అన్నాడు.

"ఆవిడేం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు పురుషోత్తం. అందులో ఆవిడ మీద చులకన ఏమీ లేదు. ఆ వీధిలో మగవాళ్ళందరూ అనే మాటే ఆయనా అన్నాడు.

కొత్త పద్ధతి ఒక పొద్దున్న కాఫీ వంతు మధ్యలో అమల్లోకి వచ్చింది. ఆ తరవాతి వంతులో పురుషోత్తం కదిలేసరికి ఇల్లంతా మాడు వాసన. పాలు పొంగి, ఇగిరి, గిన్నె అడుగు బొగ్గయింది. ఎదురుగా హైమావతి పీట మీద అలాగే కూర్చుని ఉంది. ఆయన స్టవ్ కట్టేసి, గిన్నె తోముకుని, ఆవిడ వంతు వస్తుంది కదా అని చూశాడు. రాలేదు. ఆవిడ పని లేనివారి తరగతిలో పడింది. సింహాచలమూ అందులోనే పడ్డాడు, వంతులిచ్చే పని ఇప్పుడు కమిటీ ఆఫీసులో ఒక పెట్టె చూసుకుంటోంది. ఎవరి భుజమో తట్టడానికి చెయ్యి చాచి, ఆయన పురుషోత్తం ఇంటికెదురుగా మందుల షాపు ముందు ఆగిపోయి ఉన్నాడు. వానొస్తే షాపువాళ్ళు పైన పరదా కడతారు.

మధ్యాహ్నానికి భోజనాలు లేకపోయేసరికి వార్డులో మగవాళ్ళకి తాము అన్న మాటలు గుర్తొచ్చాయి. ఎవరి వంతు రాగానే వాళ్ళు దిద్దుబాటు కోసం ఆఫీసుకి పరిగెత్తారు. కమిటీ ఆఫీసు అధికారి ఒకాయన ఇల్లిల్లూ తిరిగి పరిశీలించాడు. చేతిలో గరిటెతోనో చీపురుతోనో ఆగిపోయిన ఆడవాళ్ళని పనివారిలో చేర్చుకున్నాడు. పురుషోత్తం ఇంటికొచ్చి, హైమావతి చుట్టూ తిరిగి చూశాడు.

"ఈవిడ కూర్చుని ఉన్నారు కదండీ."

"పాలు పొంగేదాకా చూస్తోందండి. లేకపోతే పొంగిపోతాయి కదా."

"ఎదురుచూడ్డం పని కిందికి రాదండీ" అన్నాడు అధికారి, మర్యాదగానే. "ఏదైనా చేస్తుండగా చూపించండి, రాసుకుంటాం."

చేసి చూపించాలంటే వంతు కావాలి. వంతు కావాలంటే చేసి చూపించాలి. నా వంతు ఆవిడకిస్తానన్నాడు పురుషోత్తం. వంతులు బదిలీ కావని గోడ మీద బోర్డే ఉంది.

ఇక మిగిలింది ఆ నెల గడువు. హైమావతికి నెలంతా వంతు రాకపోతే ఈ పద్ధతే ఊడిపోతుంది, సింహాచలం మళ్ళీ తువ్వాలు చుడతాడు. పురుషోత్తం ఆ ఆశతో నెలంతా గడిపాడు. రోజూ కొట్టుకి పోయేముందు ఆవిడ జోడు మీద పడిన దుమ్ము తుడిచేవాడు. నెలాఖరున ఆఫీసు నుంచి కబురొచ్చింది. పని లేనివారికి కూడా గడువు దాటకుండా నెలకొక వంతు ఇవ్వబడును. దాని నిడివి రెప్పపాటు. వంతు అందినట్టు ఇంట్లోవాళ్ళు దగ్గరుండి చూసి సంతకం చెయ్యాలి గనక, ఆ రెప్పపాటున వాళ్ళకీ వంతు ఉంటుంది.

ఆ వంతు వేళకి ఆఫీసు గంట గణమని మోగింది. హైమావతి రెప్ప ఆడింది. కుడిచెయ్యి మోకాలి మీంచి వేలెడు పైకి లేచింది. అంతే, ఆగిపోయింది. పురుషోత్తం సంతకం పెట్టాడు.

పై నెలలో ఆ చెయ్యి ఇంకాస్త లేచింది. ఆ పై నెలలో వేళ్ళు విచ్చుకున్నాయి, పెదవులు విడివడ్డాయి. చెయ్యి తనవైపే వస్తోందని పురుషోత్తానికి స్పష్టంగా తెలిసింది. అంత చిన్న వంతులో కూడా ఈవిడ తన కోసమే చెయ్యి చాస్తోందే అని ఆయన గుండె నీరైపోయింది. చెయ్యి ఎప్పటికి అందుతుందా అని నెలనెలా కుర్చీ ముందుకి జరుపుకుంటూ వచ్చాడు. గడ్డం శుభ్రంగా గీసుకుని కూర్చునేవాడు. ఈ లోపు ఆయన జుట్టు ఇంకాస్త నెరిసింది. ఆవిడ జుట్టు మాత్రం ఆనాటి పొద్దున్న దువ్వుకున్నది దువ్వుకున్నట్టే ఉంది.

వానాకాలం వచ్చిన నెలలో ఆ చెయ్యి ఆయన చెంప దాకా వచ్చింది. పై నెలలో చెంపని తాకకుండా చెవి పక్కనుంచి వెనక్కి పోయింది. చూపుడువేలు సాగింది. పురుషోత్తం ఆ వేలు ఎటు చూపిస్తోందో అని వెనక్కి తిరిగాడు. స్టవ్ ఉంది.

పాలు. ఆవిడకి ఇంకా ఆ పొద్దున్నే. పాలు పొంగుతున్నాయని చెప్పబోతోంది, ఆయన ఎప్పట్లాగే "ఆఁ" అని ఊరుకుంటాడని కూడా ఆవిడకి తెలుసు. పురుషోత్తం ముందు నవ్వాడు, తరవాత చాలాసేపు ఏడ్చాడు. ఏడుపు మధ్యలో వంతు అయిపోయింది. మళ్ళీ వంతు వచ్చాక మిగతాది ఏడ్చాడు.

కళ్ళు తుడుచుకుని తిన్నగా కమిటీ ఆఫీసుకి వెళ్ళాడు. తనని కూడా పని లేనివారి తరగతిలో వెయ్యమన్నాడు.

సుదర్శనం జోడు తీసి ఆయనవైపు చూశాడు. ఆ జోడు పురుషోత్తం చేసిందే. "మతుండే మాట్లాడుతున్నావా? నెలకో రెప్పపాటయ్యా. ఓ కాఫీ తాగేసరికి మేమెవరం ఉండం."

"తెలుసండి. కానీ ఆవిడ రెప్పపాటూ నాదీ ఒక్కసారే వస్తాయి కదండి."

"వస్తాయనుకో."

"ఆగినప్పుడు ఆగినట్టు తెలియదు కదండి. ఆ రెప్పపాట్లన్నీ ఒకదాని పక్కనొకటి అతుక్కుపోతే మాకది మామూలు పొద్దున్నే అండి."

సుదర్శనం చేతిలో జోడు చేతిలోనే ఉండిపోయింది. ఆయన వంతు అయిపోయిందేమోనని గుమస్తా తొంగి చూశాడు. అవలేదు. పరిశీలనకి అధికారిని పంపుతామని చెప్పి సుదర్శనం మళ్ళీ జోడు పెట్టుకున్నాడు.

చెయ్యాల్సింది ఇంకొకటి ఉంది. ఆవిడ చూపించే వైపు పాలుండాలి. పక్కింటి రత్నమాణిక్యం బట్టలు కుడుతుంది, వంతులకి లోటు లేదు. ఆవిడ మొగుడు టౌను బస్సు నడుపుతాడు, ఆయనకీ లోటు లేదు. నెలకోసారి సరిగ్గా గంట వేళకి మా స్టవ్ మీద పాలు పొంగు మీదికి తెచ్చి పెట్టాలమ్మా అని పురుషోత్తం అడిగాడు.

"దానికేం భాగ్యం, అలాగే అన్నయ్యగారూ" అంది రత్నమాణిక్యం. స్టవ్ మీంచి చూపు తిప్పి పీట మీద హైమావతినీ, ఎదురుగా కుర్చీనీ చూసింది. "మీ ఇద్దరి పనే బావుంది. నేను కదిలితే ఆయన ఆగుంటారు, ఆయన కదిలితే నేను. ఇంట్లోనే ఉంటాం, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని ఎన్నాళ్ళయిందో..." మాట మధ్యలో ఆవిడ వంతు అయిపోయింది. పురుషోత్తం ఆవిడ చేతిలో జారబోతున్న పాలగిన్నె అందుకుని గట్టు మీద పెట్టాడు.

అధికారి వచ్చిన రోజు పురుషోత్తం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి.

"ఏం చేస్తున్నారండీ?"

"పాలు పొంగేదాకా కూర్చున్నానండి."

అధికారి తలూపి రాసుకున్నాడు.

"పాలండీ" అంది హైమావతి.

పురుషోత్తానికి ఆ మాట ఏ అడ్డూ లేకుండా, మునుపటిలాగే వినబడింది. కిటికీలో వెలుగు మాత్రం ఎండా మబ్బూగా గబగబా మారింది. ఆయన ఈసారి "ఆఁ" అనలేదు. లేచి వెనక్కి తిరిగాడు. స్టవ్ మీద పాలు నురగ కట్టి అంచు దాకా వచ్చాయి. పక్కన రత్నమాణిక్యం నీలం చీరలో ఉంది. ఆయన ఒక అడుగు వేసేలోపు అది పసుపు చీరయింది, పువ్వుల చీరయింది. స్టవ్ కట్టేసి, గిన్నె దింపి, డికాక్షన్ కోసం చెయ్యి చాచేసరికి ఆవిడకి కళ్ళజోడు వచ్చింది, చెవుల దగ్గర తెల్లబడింది. ఎవరు చేశారో గానీ ఆ జోడు ఆవిడ ముక్కుకి కాస్త వదులుగా ఉందని పురుషోత్తం గమనించాడు. ఆయన గ్లాసుల్లో కాఫీ కలిపేసరికి రత్నమాణిక్యం లేదు. ఎవరో కొత్తావిడ వేడి గిన్నెతో నిలబడి ఉంది. ఆవిణ్ణి పలకరించాలనిపించింది కానీ, మాట పూర్తయ్యేదాకా ఆవిడ ఉంటుందని నమ్మకం లేక ఊరుకున్నాడు. కిటికీ బయట మందుల షాపు ఉన్న చోట వేరే ఏదో కట్టారు. దాని ముందు సింహాచలం ఒక్కడే మారలేదు, దొరకని భుజం కోసం చెయ్యి చాచి వెతుక్కుంటున్నాడు.

హైమావతి గ్లాసు అందుకుంది. కాఫీ వేడిగా ఉంది. నెలనెలా ఎవరు వేడి చేసి నింపుతున్నారో ఆయనకి తెలియదు.

"ఎప్పుడూ లేంది, ఇవాళ మీరు లేచారేంటి?" అంది ఆవిడ.

"ఊరికే" అన్నాడు పురుషోత్తం. "నాకూ ఏం పని లేదు."

ఆవిడ ముక్కాలిపీట కొంచెం పక్కకి జరుపుకుంది. ఆయన వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు.