పసుపు పరదాలు

ఆ ఆదివారం పొద్దున విమల పెట్టుకున్న పని ఒక్కటే, కిటికీలకు పరదాలు కట్టడం. భర్త శ్రీపతి నిజామాబాదులో చూసి వచ్చిన నైలాన్ గుడ్డ కొందామన్నాడు.

"నైలాన్ ఎండకు ఉడుకుతది. చేనేత నూలు గుడ్డ చాలు, మన పసుపే అద్దుత" అంది విమల. పసుపు అడ్తి దుకాణం నడిపే మనిషి ఆ మాటను ఎలా కాదంటాడు? సాయంత్రానికి పసుపు అద్దిన పరదాలు కిటికీలకు ఎక్కాయి.

వాళ్లు వేరు కాపురం పెట్టి నెలైంది. ఏ తేడా వచ్చినా పెద్దింటికి తిరిగి రావాలన్న షరతు మీదే అత్త అంజమ్మ పంపింది. గుట్ట కింది ఆ ఇంట్లో, ఆ కిటికీ పక్కనే, అంతకుముందు లింగవ్వ అనే ముసలామె కన్నుమూసింది. అంజమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి, అక్కడే కూర్చుని ఆకు వక్క వేసుకుని, తేడా ఏమైనా ఉందేమో చూసి పోయేది.

సోమవారం మధ్యాహ్నం కూడా వచ్చి పోయింది. మర్నాడు పొద్దున పరదా తీయబోయి విమల ఆగిపోయింది. మడతలో మూడు వేళ్ల గుర్తులు, ఎర్రగా, కిందికి ఈడ్చినట్టు ఉన్నాయి. మంచం మీద కూర్చున్న మనిషి చేయి ఆనే ఎత్తు. గాలి లేదు, అయినా పరదా కొద్దిగా కదిలింది.

"నిన్న పొద్దున గివి లేవు కదా?" అన్నాడు శ్రీపతి మెల్లగా.

"లేవు."

అత్త కంట పడకుండా విమల ఆ గుర్తులను మడత లోపలికి తిప్పింది. మరుసటి రోజు వాటి పక్కనే ఇంకో మూడు. శ్రీపతి తన మంచం వంటింట్లోకి మార్చుకున్నాడు. పక్కింటి పోచవ్వను పిలిస్తే, చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లింగవ్వ మంచం గిక్కడనే ఉండె. నీళ్లియ్యమని గిట్లనే చెయ్యి చాపేది. జర సబ్బు పెట్టి ఉతుకు విమలమ్మా. పోకుంటే ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి."

విమల ఆ పరదాను సబ్బుతో గట్టిగా రుద్దింది. గుర్తులు పోకపోగా, పరదా అంతా ఎర్రబడింది. పోచవ్వ ఒక చెప్పు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. శ్రీపతి పెద్దింటికి కబురంపి, గోడవైపు తిరిగి సామాను మూట కట్టసాగాడు. విమలకు ఏడుపొచ్చింది. తన కూరలో తనకు నచ్చినంత ఉప్పు వేసుకోవడం ఈ నెల రోజులే కుదిరింది. దయ్యం కంటే పెద్దింటికి తిరిగి పోవడమంటేనే ఆమెకు ఎక్కువ భయం.

అంజమ్మ వచ్చింది. "నేను ముందే చెప్పిన. నడువుండ్రి ఇంటికి" అంటూ కిటికీ దగ్గరే కూర్చుంది. ఆకుకు సున్నం రాసింది. చూపు కొడుకు మీదే ఉంచి, వేళ్లను పక్కనున్న రెండో పరదాకు తుడిచింది. ఏళ్ల తరబడి దుకాణంలో బస్తాల నడుమ కూర్చుని, అందిన గోనెకల్లా తుడిచిన చేయి అది. పసుపు గుడ్డ మీద మూడు ఎర్రటి గీతలు తేలాయి.

విమలకు అంతా అర్థమైంది. పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో, కాళ్లకు పారాణి పెట్టుకున్న ఏ ఆడమనిషికైనా తెలుసు. సబ్బు తగిలినా అంతే. భయం పట్టుకున్నాక ఎవరికీ గుర్తు రాలేదు. చెప్పేద్దామని నోరు తెరిచింది.

అప్పుడే అంజమ్మ తల తిప్పింది. తన భుజం పక్కనే, ఇంకా తడిగా, మూడు వేళ్లు.

"శ్రీపతీ, మూట విప్పు బిడ్డా" అంది కిటికీకి దూరంగా జరిగి. "గామె కోపం మీ మీద కాదు. నేను వచ్చిననాడే గీ గుర్తులు పడుతున్నయి. మీరు గిక్కడనే ఉండుండ్రి. నేను ఇగ రాను."

విమల తెరిచిన నోరు మూసుకుంది. "గట్లనే అత్తమ్మా" అంది.

ఆ సాయంత్రమే ఒక చిన్న సున్నం డబ్బా తెప్పించి, ఎప్పుడైనా అవసరపడుతుందని పెట్టె అడుగున దాచుకుంది.