ఇస్మే నర్సమ్మ మనవాళ్ళలో కలిసిన వైనం

మనిషి ఏ నేలకు చెందుతాడన్న ప్రశ్న మీద జ్ఞానులు కొన్ని వేల ఏళ్ళు వృథా చేశారు. సెయింట్ ఆర్మెల్ దీవి ప్రభుత్వం అదే ప్రశ్నను రెండు పేజీల ఫారంతో, ఒక రబ్బరు ముద్రతో ఒక్క పూటలో పరిష్కరించి, ఆఫీసుకు తాళం వేసుకుని భోజనానికి వెళ్ళింది.

ఆ పరిష్కారం ప్రకారం భూమ్మీద మనుషులు రెండు రకాలు. దీవిలో పుట్టినవారు మనవాళ్ళు. తక్కిన ఎనిమిది వందల కోట్ల మంది వచ్చినవాళ్ళు. (ఎన్నడూ రానివాళ్ళు కూడా వచ్చినవాళ్ళ కిందకే వస్తారు. ఇంకా రాకపోవడం సాంకేతికమైన ఆలస్యం మాత్రమే.) మనవాళ్ళకు ఇల్లు కట్టుకునే హక్కు, ఉద్యోగం చేసుకునే హక్కు, ప్రభుత్వాన్ని తిట్టే హక్కు ఉంటాయి. వచ్చినవాళ్ళకు సముద్రపు గాలి ఉంటుంది.

ఇస్మే లరోండ్ వచ్చినవాళ్ళలో మనిషి. డొమినికాలో కొండవాలున ఆమెకో ఇల్లుండేది. ఒక సెప్టెంబరులో తుఫాను వచ్చి మొదట పైకప్పు పట్టుకుపోయింది, గంట తర్వాత గోడల కోసం మళ్ళీ వచ్చింది. యాభై అయిదేళ్ళ వయసులో ఒక సూట్‌కేసు, కాన్పులు చేయడంలో ముప్ఫై ఏళ్ళ అనుభవం వెంటబెట్టుకుని ఆమె సెయింట్ ఆర్మెల్ రేవులో పడవ దిగింది. దీవికి అప్పుడు మంత్రసాని లేదు. ఆరోగ్య శాఖ వారు మూడేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, గాలివాటు రోడ్డు చివర రెండు గదుల చెక్క ఇల్లు చూపించి, "ఇక ఇది మీ ఊరే అనుకోండి" అన్నారు. అనుకోవడానికి ఫారం అక్కర్లేదు గనుక ఆమె అనుకుంది.

మొదటి వారంలోనే పొరపాటు జరిగింది. ఊరి వ్యానెక్కి ఎవరికీ గుడ్ మార్నింగ్ చెప్పకుండా కూర్చుంది. వ్యాను కదల్లేదు. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. పద్నాలుగు మంది ప్రయాణికులు కిటికీల వైపు తిరిగారు. చివరికి పక్క సీట్లో మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ నోరు విప్పింది.

"మీ ఊళ్ళో పొద్దు పొడవదా, నర్సమ్మా?"

"పొడుస్తుందండి."

"మరి ఆ మాట మాకూ చెప్పొచ్చుగా."

ఇస్మే చెప్పింది. వ్యాను కదిలింది. ఆ పెద్దావిడ పేరు మిస్ ఐవరీన్, ఇస్మే ఇంటి పక్కనే ఉంటుంది. సాయంత్రానికల్లా కాల్చిన సీమపనస ఒక గిన్నెలో పెట్టి పంపింది. ఆ గిన్నె ఉత్తిగా తిరిగి వెళ్ళకూడదని ఇస్మేకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మర్నాడు మేకపిల్ల వచ్చి కిటికీ పరదా తిన్నది. దాంతో పరిచయం పూర్తయింది.

మూడేళ్ళలో ఇస్మే ముప్ఫై ఎనిమిది మంది తల్లులకు పురుడు పోసింది. చర్చిలో ఎడమ పక్క మూడో బెంచీ చివర ఆమె చోటు. ఆమె రాకపోతే ఆ చోటు ఖాళీగానే ఉండేది. రెండో క్రిస్మస్ నాటికి జనం ఆమెతో మొహమాటం లేకుండా పోట్లాడటం మొదలుపెట్టారు. నల్లకేకులో ఎండుద్రాక్ష తక్కువేసిందని మిస్ ఐవరీన్ తొమ్మిది రోజులు మాట మానేసింది. సెయింట్ ఆర్మెల్‌లో అంతకు మించిన పౌరసత్వం లేదు. దురదృష్టవశాత్తు దాని మీద ముద్ర వేయరు.

ఒప్పందం ముగిసిన రోజున ఆరోగ్య శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. మీ సేవలకు కృతజ్ఞతలు, ముప్ఫై రోజుల్లో దీవి విడిచి వెళ్ళగలరు. ఒప్పందం పొడిగించే వీల్లేదు. మూడేళ్ళకు మించి ఉన్నట్లయితే వచ్చినవాళ్ళకు ఊరి మీద మమకారం ఏర్పడే ప్రమాదం ఉందని నిబంధనలు ముందే గుర్తించాయి. ఉండిపోదలచిన వారు స్వజన నిర్ధారణ శాఖను సంప్రదించాలి.

ఆ శాఖలో ఒక అధికారి, ఒక ఫ్యాను, ఒక ముద్ర ఉంటాయి. అధికారి ఓస్బర్ట్ లిబర్డ్ గారు. ఇరవై ఆరేళ్ళుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చుంటున్నారు. ఎవరి దగ్గరా మామిడిపండు కూడా పుచ్చుకోలేదు. (సొంత చెల్లెలు పంపిన సీతాఫలాన్ని రసీదుతో సహా తిప్పి పంపారు.)

"గుడ్ మార్నింగ్, లిబర్డ్ సార్" అంది ఇస్మే.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, నర్సమ్మా. పన్నెండు దాటి రెండు నిమిషాలైంది. కూర్చోండి." ఆయన ఫారం తీసి పదకొండో గడి మీద వేలు పెట్టారు. "పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఇద్దరు మనవాళ్ళ సాక్ష్యం కావాలి."

"నేను పుట్టింది డొమినికాలో సార్. అప్పుడు గదిలో మా అమ్మ, ఒక మంత్రసాని ఉన్నారు. ఇద్దరూ పోయారు."

"అయితే కష్టమే."

"ఉన్నా వాళ్ళు మీవాళ్ళు కారుగా."

"అయితే మరీ కష్టం."

ఇస్మే ఫారం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. తర్వాత, "షెర్లన్‌కి కాళ్ళు వాస్తున్నాయా సార్?" అని అడిగింది. షెర్లన్ ఆయన ఒక్కగానొక్క కూతురు. ఏడో నెల.

"కొంచెం. సాయంత్రం వచ్చి చూస్తారా?"

"వస్తాను. ఉప్పుచేప మానిపించండి."

"అలాగే. మీరు మాత్రం ముప్ఫై రోజుల్లో దీవి విడిచి వెళ్ళాలి."

"అలాగే సార్."

ఆ సాయంత్రం మిస్ ఐవరీన్ ఇస్మే వసారాలో కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదకు జార్చి ఫారమంతా చదివింది. ఇస్మే సూట్‌కేసు దుమ్ము దులుపుతూ ఉంది.

"ఆపు ఆ దులపడం" అంది మిస్ ఐవరీన్. "పుట్టినప్పటి నుంచి అని రాశారు. ఎవరు పుట్టినప్పటి నుంచో రాశారా?"

"నేను పుట్టినప్పటి నుంచనే కదక్కా అర్థం."

"అర్థం నీకెందుకే. అక్కడ రాసి ఉందా, లేదా?"

రాసి లేదు.

మర్నాడు ఉదయం లిబర్డ్ గారి ఎదుట ఇద్దరు సాక్షులు హాజరయ్యారు. మొదటి సాక్షి మిస్ ఐవరీన్ మనవడు జహీల్. దీవిలో ఇస్మే చేతుల్లో పుట్టిన మొదటి బిడ్డ, వయసు మూడేళ్ళకు వారం తక్కువ. రెండో సాక్షి అదే వీధిలోని పదకొండు నెలల ఆడపిల్ల. తల్లి భుజం మీద నిద్రపోతూ ఉంది.

"ఇద్దరూ పుట్టినప్పటి నుంచీ నర్సమ్మని ఎరుగుదురు" అంది మిస్ ఐవరీన్. "అంతకు ముందు ఎరగరు. కావాలంటే అడగండి."

లిబర్డ్ గారు నవ్వలేదు. నిబంధనల పుస్తకం తీసి మధ్యాహ్నం దాకా చదివారు. సాక్షికి పళ్ళుండాలని గానీ, మెలకువగా ఉండాలని గానీ ఎక్కడా లేదు. దరఖాస్తుదారును ఒక సాక్షి గుర్తుపడితే చాలు. ఆయన కలం తెరిచి జహీల్ వైపు వంగారు.

"బాబూ, ఈమె ఎవరు?"

"మామ్మ" అన్నాడు జహీల్.

లిబర్డ్ గారు ఆ మాట సిరాతో రాసుకున్నారు. తర్వాత కలం కింద పెట్టారు. "సాక్షి దరఖాస్తుదారుకు మనవడు. బంధువుల సాక్ష్యం చెల్లదు."

"ఊళ్ళో పిల్లలంతా అలాగే పిలుస్తారు సార్" అంది ఇస్మే.

"వీడు మా మేకని పిన్ని అంటాడు" అంది మిస్ ఐవరీన్.

"మేక దరఖాస్తు పెట్టుకోలేదు."

ఇస్మే లేచి నిలబడింది. మిస్ ఐవరీన్ లేవలేదు. "సరే, వీడు మనవడేనని రాశారుగా. మనవాడి మామ్మ మనవాళ్ళలోకి రాదా? మీ పుస్తకంలో దానికేమీ లేదా?"

ఆయన పుస్తకం మళ్ళీ తెరిచారు. ఉంది. నాలుగో నిబంధన, మూడో ఉపనిబంధన: మనవాళ్ళలో ఎవరికైనా మామ్మ అయినవారు వేరే సాక్ష్యం లేకుండానే మనవాళ్ళు. సిరాతో నమోదైన విషయాన్ని కొట్టివేయాలంటే గవర్నరు గారి అనుమతి కావాలి. గవర్నరు గారు లండన్‌లో ఉన్నారు. లిబర్డ్ గారు ముద్ర తీసి, నోటితో ఊది, ఒకసారి గట్టిగా వేశారు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే లేచి నిలబడి, "మనవాళ్ళలోకి రండి, మిస్ ఇస్మే" అన్నారు. ఆయన టై కొంచెం పక్కకు తొలగింది. (అది ఫ్యాను గాలి వల్ల అని నమోదు.)

ఆ ఆదివారం గాలివాటు రోడ్డులో మేకమాంసం పులుసు కాచారు. (పిన్నిని కాదు.) ఇస్మే పత్రాన్ని గోడకు తగిలించి, అందరూ వెళ్ళాక దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. తుఫాను తర్వాత తన పేరూ ఒక ఊరి పేరూ ఒకే కాగితం మీద పక్కపక్కన చూడటం ఆమెకు అదే మొదటిసారి. రెండూ చాలాసార్లు చదువుకుంది.

సోమవారం క్లినిక్కుకు వెళితే ఆమె గదికి తాళం వేసి ఉంది. ఆరోగ్య శాఖ గుమాస్తా కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, విషయం చెప్పాడు. మంత్రసాని ఉద్యోగం విదేశీ నిపుణుల పద్దు కింద మంజూరైంది. అది వచ్చినవాళ్ళకు మాత్రమే. ఆమె ఇప్పుడు మనవాళ్ళు.

"మరి మనవాళ్ళు కాన్పులు చేయాలంటే?"

"స్థానిక లైసెన్సు ఉండాలమ్మా. దానికి మన మంత్రసానుల శిక్షణాలయంలో రెండేళ్ళు చదవాలి."

"అదెక్కడుంది?"

"ఇంకా కట్టలేదు. ప్రిన్సిపాల్ గారున్నారు. సెలవులో."

చెక్క ఇల్లు కూడా నిపుణులదే కావడంతో ఇస్మే తన సూట్‌కేసుతో, పత్రంతో మిస్ ఐవరీన్ ముందుగదిలోకి మారింది. కొత్త మంత్రసాని కోసం శాఖ వారు విదేశీ పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. అయిదు వారాలు గడిచాయి. ఎవరూ రాలేదు.

ఒక బుధవారం ఉదయం షెర్లన్‌కు మూడు వారాల ముందుగా నొప్పులు మొదలయ్యాయి. కబురు అందగానే ఇస్మే చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. లిబర్డ్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. టై కట్టుకున్నారు గానీ చొక్కా గుండీలు ఒకటి మారి ఇంకొకటి పెట్టుకున్నారు.

"మీరు రావడం సంతోషం, మిస్ ఇస్మే. కానీ మీకు లైసెన్సు లేదు. ఆ సంగతి అందరికన్నా నాకు బాగా తెలుసు."

"తప్పుకోండి సార్."

"పది గంటల పడవ ఉంది. పెద్ద దీవి ఆసుపత్రిలో డాక్టర్లున్నారు."

ఇస్మే ఆయన్ని పక్కకు నెట్టి లోపలికెళ్ళి చూసి వచ్చింది. "పెద్ద దీవి దాకా ఆగదు. ఇక్కడే చేయనివ్వండి, ఈ మంచం మీద. ఎవరికి చెప్తాను నేను?"

"నాకు తెలుస్తుంది కదమ్మా" అన్నారు లిబర్డ్ గారు.

పడవ షెర్లన్‌తో, లిబర్డ్ గారితో పది గంటలకు బయలుదేరింది. ఇస్మే కూడా టికెట్టు కొనుక్కుని సాధారణ ప్రయాణికురాలిగా ఎక్కింది. రేవు దాటిన ఇరవై నిమిషాలకు, ఉల్లిపాయల బస్తాల మధ్య, మిస్ ఐవరీన్ ఇచ్చిన దుప్పటి మీద ఆడపిల్ల పుట్టింది. మొదట ఏడవలేదు. ఇస్మే బోర్లా తిప్పి వీపు రుద్దింది, మళ్ళీ రుద్దింది. లిబర్డ్ గారు ఆ కాసేపూ పడవ కమ్మీ పట్టుకుని, పెదవులు కదుపుతూ నిలబడ్డారు. పిల్ల ఏడ్చింది. ఆయన కూడా.

పడవ నడిపే వెంట్రిస్ పుస్తకం తీసుకుని వచ్చాడు. "ఎక్కడ పుట్టిందని రాయమంటారు సార్? పగడపు దిబ్బ దాకా మన నీళ్ళు. దిబ్బ దాటామా లేదా అంటే, నేను ఏది రాస్తే అదే."

"దిబ్బ లోపలే" అంది ఇస్మే. "నేను చూశాను."

"నువ్వు చూసింది నన్ను కదా నర్సమ్మా" అంది షెర్లన్, నీరసంగా నవ్వి. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నాన్నా. లోపలే అని చెప్పు."

లిబర్డ్ గారు వెనక్కి తిరిగి చూశారు. దిబ్బ మీద విరిగే అలల తెల్లటి గీత చాలా వెనక ఉంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"నాలుగు వందల గజాలు బయట" అన్నారు.

వెంట్రిస్ రాసుకున్నాడు. ఒడ్డు చేరేదాకా ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. కూతురు ఆ తర్వాత కూడా మాట్లాడలేదు.

దీవిలో అప్పటి నుంచి నొప్పులొచ్చిన ఆడవాళ్ళు ఇస్మేను టీకి పిలవడం మొదలుపెట్టారు. ఆమె వేణ్ణీళ్ళు తనే కాచుకుంటుంది. ఈ అలవాటు గురించి లిబర్డ్ గారికి ఎవరూ చెప్పరు. ఆయనా అడగరు.

నాలుగో రోజున షెర్లన్ బిడ్డతో తిరిగి వచ్చింది. రేవులో దిగిన వచ్చినవాళ్ళందరూ ముందుగా స్వజన నిర్ధారణ శాఖలో పేరు నమోదు చేయించుకోవాలి గనుక, బిడ్డ తరఫున ఆమె ఆఫీసు బయట వరసలో నిలబడింది, పక్కన ఇస్మే పొత్తిళ్ళు పట్టుకుని. వంతు వచ్చాక లిబర్డ్ గారు కొత్త ఫారం తీసి స్వయంగా పూరించారు. పేరు, ఇంకా పెట్టలేదు. వృత్తి, లేదు. సామాను, లేదు. చివరి గడి, రాకకు కారణం. దానికి అచ్చులో రెండే జవాబులున్నాయి: ఉద్యోగం, విహారం.

ఆయన మనవరాలి మొహం చాలాసేపు చూశారు. తర్వాత విహారం దగ్గర టిక్కు పెట్టి, తొంభై రోజులు మంజూరు చేశారు.