ఓవెన్ ఎరుగని పక్కటెముకలు

ఇందుమూలంగా మెంఫిస్ నగర పౌరులకు తెలియజేయునది ఏమనగా, ఓవెన్‌లో ఉడికిన పంది పక్కటెముక పక్కటెముకే కాదు. హికరీ కట్టెల పొగ తగలని మాంసాన్ని ఎవరైనా బార్బెక్యూ అని పిలిచినచో అది మన పెద్దలకు జరిగిన అవమానముగా పరిగణించబడును. ఈ తీర్మానాన్ని మా పొగ పరిరక్షణ సంఘం ఏటా ఏకగ్రీవంగా ఆమోదిస్తుంది. చదివి వినిపించే కార్యదర్శిని నేనే. నా పేరు క్లియోటిస్ బార్‌ఫీల్డ్. గొంతు బాగుంటుందంటారు. బుర్ర సంగతి మా ఆవిడ వెర్నెల్‌ని అడగాలి.

సంఘాన్ని స్థాపించింది మా నాన్న. ఎవరింట్లో వాళ్లు ముందురోజు వండి తెచ్చే మా ఏటేటి పక్కటెముకల పోటీకి, ఆయన మాంసం తిప్పిన ఇనప పట్టకారే బహుమతి. గెలిచినవాడు ఏడాదిపాటు దాన్ని తన గోడకి తగిలించుకుంటాడు. నాన్న పోయాక కూడా అది మా గోడ దిగలేదు. నా ప్రతిభ వల్ల కాదు, పెరట్లో ఆయన కట్టిన ఇటుకల పొయ్యి వల్ల. ఈ ఏడు మోకాళ్లు మొరాయించి, ఆ ఇల్లు అమ్మి, లిఫ్టున్న అపార్ట్‌మెంట్‌లోకి మారాం. సామాన్ల లారీలోంచి దిగుతున్న నా బొగ్గుల డ్రమ్ముని చూసి మేనేజరు కుర్రాడు చేతులు జోడించినంత పని చేశాడు.

“తాతా, బాల్కనీలో నిప్పు నిషేధం. ఈ డ్రమ్ము పైకెక్కితే నా ఉద్యోగం కిందికి దిగుద్ది.”

పోటీకి వండే రోజున సాటి సభ్యుడి పొయ్యి అడగడమంటే, పెళ్లిపీటల మీద పక్కవాడి చొక్కా అడగడమే. మానేద్దామంటే పట్టకారు హార్వెల్ డీకన్ చేతికి పోతుంది. చర్చిలో పెద్దమనిషే కానీ, గెలిస్తే దాన్ని టోపీ తగిలించుకోవడానికి వాడేస్తాడు.

“ఓవెన్ ఉంది కదా,” అంది వెర్నెల్.

“మా వంశంలో ఆ మాట ఎవరూ అన్లేదు!”

“నీ మొహం. వాన కురిసి పొయ్యి ఆరిపోయిన ఏడు మీ నాన్న ఎలా గెలిచాడనుకున్నావు? నాకు నేర్పింది మీ అమ్మేనయ్యా.”

సాక్ష్యాధారాలు లేని ఆరోపణ కనుక దాన్ని సంఘం దృష్టికి తీసుకువెళ్లదలచుకోలేదు. టోపీ కళ్ల మీదికి లాక్కుని, ఊరికి ఆ చివరున్న కొట్టుకెళ్లి మాంసానికి కట్టెల పొగ వాసన పట్టించే, సీసాలో అమ్మే ద్రవపు పొగ కొన్నాను. ఆ సీసాని ఖండిస్తూ మాకొక ప్రత్యేక తీర్మానం ఉంది. రాసింది నేనే. భాష చాలా గంభీరంగా కుదిరింది.

ఎముకల వెనక పొర ఒలిచాను. మిరప్పొడి, బెల్లం రంగు పంచదార, వెల్లుల్లి పొడి దట్టించి, సీసా పొగ చిలకరించి, ఫాయిల్‌లో బిగించి సన్నటి సెగన పెట్టాను. మాంసం ఎముక కొసల్ని వదిలి వెనక్కి జరిగాక, ఫాయిల్ విప్పి, సాసు పూసి, సగం ముక్కల్ని ఓవెన్ పై మంట కిందికి తోశాను. వాటి మానాన వాటిని వదిలి, గెలిచాక ఇవ్వవలసిన ఉపన్యాసాన్ని అద్దం ముందు సాధన చేశాను. “మిత్రులారా! పొగ మన ప్రాణం!” అన్నానో లేదో పంచదార మాడి అలారం మోగింది. భవనం మొత్తం ఖాళీ అయింది. ఫైరింజన్ వచ్చింది.

గొడ్డలితో లోపలికొచ్చిన కెప్టెన్ రూఫస్ టాలీ మా పోటీకి ప్రధాన న్యాయనిర్ణేత. ఓవెన్ని చూశాడు, ఫాయిల్‌ని చూశాడు, సీసాని చూశాడు. నాన్న పట్టకారు గోడ మీంచి మా ఇద్దర్నీ చూసింది.

“రూఫస్, అదీ...”

“నోర్ముయ్.” చేతి తొడుగు తీసి, మాడని ముక్కల్లోంచి ఒకటి లాగి తిన్నాడు. “మంట కింద పెట్టి ఎటు పోయావురా?”

“అద్దం దగ్గరికి.”

“మేం స్టేషన్లో ఓవెన్ ముందు కుర్చీ వేసుక్కూర్చుంటాం. బయట నిప్పేస్తే, ఫైరు గంట మోగి మేం పోయినప్పుడు దాన్నెవడు కాస్తాడు?” ఇంకో ముక్క తీసుకుని వెళ్లిపోయాడు.

మిగిలిన ముక్కలతోనే మర్నాడు నేను గెలిచాను. హార్వెల్ డీకన్ లేచి, “అపార్ట్‌మెంటోడికి పొయ్యెక్కడిది? పొగెక్కడిది?” అని గర్జించాడు.

“ఆ పొగకి నేను సాక్షిని. మా వాళ్లంతా సాక్షులే,” అన్నాడు రూఫస్. చప్పట్లు మారుమోగాయి.

అప్పుడు సంఘంలోకెల్లా పెద్దావిడ ఎర్లీన్ పెద్దమ్మ కర్ర ఊతంగా లేచింది. “ఈ గోలంతా ఎందుకర్రా? వచ్చే ఏడు వండే రోజున అందరిళ్లకీ పోయి చూసొద్దాం. సరేనా?”

సభ్యులంతా ఒక్కసారిగా తమ బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. ముందుగా తేరుకున్నది హార్వెల్ డీకనే. “ఇది సభ్యుల ఆత్మగౌరవానికి భంగం!” అన్నాడు. కార్యదర్శిగా ఓటింగుకి పెట్టాను. వ్యతిరేకంగా చేతులన్నీ లేచాయి, రూఫస్‌దీ, నాదీ కలుపుకొని. పెద్దమ్మ బోసినోటితో నవ్వుకుంటూ కూర్చుంది. తరవాత ఎప్పటిలాగే ఓవెన్‌ని ఖండించే తీర్మానం చదివాను. అదీ ఏకగ్రీవమే.

పట్టకారు మా గోడ మీదే ఉంది. మీరు నవ్వుతున్నారని తెలుసు. నిరభ్యంతరంగా నవ్వండి. కాకపోతే ముందు మీ వంటింటి తలుపు వేసి రండి.