గారు పట్టని పెట్టె

ఈస్టరు రెండు రోజులుందనగా, పొద్దున్నే కాఫీ తాగి, పండగనాడు పేరు పేరునా చదివే, సమాధుల తోటలో ఉన్నవాళ్ళ జాబితా పూర్తిచేసేద్దామనుకున్నారు రాజోలు చర్చి సంఘ కార్యదర్శి కృపానందం మాస్టారు. కిందటేడు చేతిరాత జాబితాలో ఎవరికి వాళ్ళు పేర్లు ఇరికించి రభస చేశారు. అందుకని ఈసారి కంప్యూటరులో ఉన్న పేర్లే చదవాలని తీర్మానం. అది రాసిందీ మాస్టారే.

మస్కట్ నుంచి తమ్ముడు తెచ్చిన, టీవీకి తగిలించే ఆ కంప్యూటరు పెట్టెలో, ఇంగ్లీషు అక్షరాలతో మూడు వందల మందిని ఎక్కించారు. ఇంటివాళ్ళు ఆఖరి బంతిలో కూర్చోవడం మర్యాద గనక, మొన్న చలికాలంలో పోయిన భార్య సువార్తమ్మను చివరికి ఉంచారు. సరిగ్గా అక్కడే మెమరీ నిండిపోయిందని టీవీ తెర మీద పడింది. పాస్టరు అయ్యగారు చదివే పేర్లలో ఆవిడ లేకపోతే ఎలా?

అమలాపురం నుంచి మెకానిక్కు వీరబాబు వచ్చాడు.

"మెమరీ పెంచాలా బాబూ?"

"అది మద్రాసు నుంచి రావాలండి, నెల పడుద్ది. అయినా అక్కర్లేదండి. ప్రతి పేరుకీ ముందు 'ప్రభువునందు నిద్రించిన', వెనకాల 'గారు' ఎందుకండీ? అవి తీసేస్తే ఇంకో వందమంది పడతారండి."

మాస్టారు మనసు చంపుకుని పది గార్లు తీశారు. పదకొండోది తీస్తుంటే పక్కింటి లాజరు కిటికీలోంచి చూశాడు.

"మా నాన్నగారిని ఒట్టి యేసుదాసు చేసేసేరా మాస్టారూ? మనిషి పోతే మర్యాద కూడా పోద్దాండీ?"

సాయంత్రానికి ఊరు ఊరంతా వాకిట్లో ఉంది. గార్లు తిరిగొచ్చాయి. నిద్రించిన సంగతి తీసేసి, ఆ చోటులో ఒకరికి రిటైర్డ్ తహసీల్దారు, యేసుదాసు గారికి మాజీ సర్పంచి, ఇలా అందరికీ హోదాలు తగిలించమన్నారు. ఎవరేమన్నా కాదనలేక "ఆయ్" అనడమే మాస్టారి జబ్బు. పెట్టె మళ్ళీ నిండింది. సువార్తమ్మ బయటే ఉండిపోయింది.

ఆదివారం తెల్లవారగానే సమాధుల మధ్య నతానియేలు అయ్యగారు పెట్టెలో చూసి ఎత్తిరాసిన జాబితా చదివి, కాగితం మడిచారు.

"సువార్తమ్మగారేరండీ?" అన్నాడు లాజరు.

"చోటు చాల్లేదండీ." అన్నారు మాస్టారు.

లాజరు తల దించుకున్నాడు. "మా నాన్నగారికి ఆఖరి గంజి పోసింది ఆవిడే గదండీ. ఆ సర్పంచిగిరీ తీసెయ్యండి."

ఆరాధన ఆపి అందరూ మాస్టారింటికి నడిచారు. సర్పంచి హోదా పోయింది, సువార్తమ్మ పేరు పడింది. ఇంకో నాలుగు ఇంగ్లీషు అక్షరాలకు చోటు మిగిలింది. మాస్టారు చాలాసేపు తటపటాయించి, 'గారు' అని కొట్టారు.

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఆవిడను "ఏమే" అని తప్ప పిలిచి ఎరగరు.