తొమ్మిది మంది ఆడపిల్లల శుభకార్యం

ఆ సోమవారం పొద్దున రోజారాణి అనుకున్న పని చాలా చిన్నది. తన కుట్టుమిషన్ దుకాణం తెరిచేలోపు వీధి చివరి బడికి వెళ్ళి, ఆదివారాలు మైదానం ఇమ్మని అడిగి రావాలి. ఒకప్పుడు ఖోఖో బాగా ఆడిన మనిషి. ఇప్పుడు సిద్దిపేటలోని తన వీధిలో తొమ్మిది మంది ఆడపిల్లలకు నేర్పుతోంది. తొమ్మిది వారాల్లో జిల్లా పోటీలు. పిల్లలేమో సందులో బండ్ల మధ్య పరుగెడుతున్నారు. మొన్న ఒకమ్మాయి కంగారులో ఆటోకు ఖో ఇచ్చింది.

"బయటోళ్ళకు గ్రౌండ్ ఇయ్యమమ్మా. ఆటలాడితె గడ్డి ఖరాబైతది" అన్నాడు హెడ్మాస్టర్ దత్తాత్రి.

"మొన్న ఐతారం గీడనే ఫంక్షన్ అయ్యింది గద సార్? తొమ్మిది పొయ్యిలు తవ్విన్రు."

"ఫంక్షన్ ముచ్చట వేరు. శుభకార్యానికి కాదనొద్దు."

రోజారాణికి ఒళ్ళు మండింది. బల్ల మీది తెల్లకాగితం లాగి, 'మా సహస్ర శుభకార్యం కొరకు వచ్చే ఆదివారం ఉదయం నుంచి సాయంత్రం దాకా' అని రాసి ముందు పెట్టింది. సహస్ర ఆమె కూతురు, జట్టు కెప్టెన్. దత్తాత్రి పిల్ల వయసడిగాడు. పదమూడని చెప్పింది. ఆయన అంతా అర్థమైనట్టు నవ్వి సంతకం చేశాడు.

ఇంటికెళ్ళి, సహస్రకు హాఫ్ శారీ ఫంక్షనని భార్య ప్రమీలమ్మకు చెప్పాడు. ప్రమీలమ్మ చెవిన పడిన మాట ఆమె దగ్గరే ఆగిపోవడం ఇంతవరకూ జరగలేదు. సాయంత్రానికి మహిళా సంఘమంతటికీ తెలిసింది, అక్కడి నుంచి టెంట్‌హౌస్ బాలరాజుకు చేరింది. తన వీధి ఫంక్షన్‌కు ఇంకెవడైనా టెంట్ వేస్తాడేమోనని అతడు ఎవరినీ అడక్కుండానే ఆదివారం పొద్దున్నే షామియానా కట్టి, వంద కుర్చీలు పరిచాడు. టెంట్ చూసి దారినపోయేవాళ్ళు కూడా లోపలికొచ్చారు.

రోజారాణి పిల్లలతో వచ్చేసరికి కుర్చీలు నిండి ఉన్నాయి. ముందు వరుసలో పట్టుచీరలో ప్రమీలమ్మ, ఒళ్ళో స్టీలు బిందె. రోజారాణికి సంగతి అర్థమైంది. కానీ వెనక్కి పోతే ఈ మైదానం మళ్ళీ దొరకదు. ఖోఖో పోల్లు రెండూ పాతించి విజిల్ ఊదింది.

"పిల్లేది? ఇంకా తయారు కాలేదా?" అని ప్రమీలమ్మ పక్కన కూర్చున్న లచ్చవ్వ అడిగింది.

"అగో, పోల్ కాడ నిక్కరేసుకోని ఉరుకుతుంది" అంది రోజారాణి.

ప్రమీలమ్మ తగ్గలేదు. ఆట మధ్యలోకి నడిచి, చెమటలు కారుతున్న సహస్రకు బొట్టు పెట్టి, బిందె చేతికిచ్చి వచ్చింది. అప్పుడే దత్తాత్రి వచ్చాడు.

"గిది ఫంక్షనా? నన్నే మోసం చేస్తవా? నడువున్రి అందరు, గేటు మూస్త!"

"సాయంత్రం దాక అని మీరే సంతకం పెట్టిన్రు సార్. తొమ్మిది పొయ్యిలకు కాలని గడ్డి తొమ్మిది మంది ఆడపిల్లల కాళ్ళకు ఖరాబైతదా? పిల్లలు భయం లేకుంట ఉరుకుతున్నరు. గింతకంటె శుభకార్యం ఏముంటది? మేం కదలం. పోల్లు పీకాల్నంటె మీరే పీకున్రి."

పిల్లలు వచ్చి పోల్ చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. సహస్ర మాత్రం ఒక చేత్తో బిందె పట్టుకుంది.

దత్తాత్రి కుర్చీల వైపు తిరిగాడు. "ఇది ఫంక్షనే కాదు!"

ప్రమీలమ్మ లేచింది. "ఫంక్షనని మీరే గద చెప్పిన్రు? మీ మాట వట్టుకోని వాడకట్టంత పిలుసుకొచ్చిన. బొట్టు వెట్టిన, బిందె ఇచ్చిన. ఇప్పుడు కాదంటె నేనేమన్న పిచ్చిదాన్నా?"

వంద మంది జవాబు కోసం ఆయన మొహం చూస్తున్నారు.

"ఫంక్షనే" అన్నాడు దత్తాత్రి.

"గట్ల చెప్పున్రి. మరి ఒక్క పిల్లకు చేసి, తక్కిన ఎనిమిది మందిని ఇడిసిపెడితె బాగుంటదా? ఐతారానికొకలకు చేద్దాం" అంది ప్రమీలమ్మ.

రోజారాణి మనసులో లెక్కేసుకుంది. పోటీలకు మిగిలినవి సరిగ్గా ఎనిమిది ఆదివారాలు.

మర్నాడు దత్తాత్రి ఎనిమిది దరఖాస్తుల మీదా సంతకాలు పెట్టాడు. ఆ ఎనిమిది శుభకార్యాలకూ రోజారాణి దత్తాత్రి ఇంటికి వెళ్ళి, దంపతులిద్దరినీ తప్పకుండా రమ్మని మరీ మరీ పిలిచింది.