మార్‌స్టోక్ వంతెన మీద ఒక్క పలక

మార్‌స్టోక్ గ్రామ కౌన్సిల్ ప్రజలకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, వాగు మీది కాలి వంతెనను ప్రజల సౌకర్యార్థం మూసివేయడమైనది. నడుమ ఒక పలక విరిగినందున, దాని మీద కాలు వేసినవారు వాగులో పడగలరు గనుక, ఎవరూ కాలు వేయకుండా చూసే బాధ్యతను కౌన్సిల్ స్వీకరించింది. మిగిలిన నలభై ఒక్క పలకలూ మంచి స్థితిలో ఉన్నాయి. వాటిని కూడా మూసివేయడమైనది.

ఫిబ్రవరిలో వెలువడిన ఈ ప్రకటనను క్లిఫర్డ్ పిల్‌బీమ్ తన కొట్టు అద్దానికి తానే అంటించాడు. అతను కౌన్సిల్‌లోని ఏడుగురు సభ్యుల్లో ఒకడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కొట్టు కూడా అతనిదే. మేకుల నుంచి రొట్టెల దాకా, బల్బుల నుంచి కుక్క బిస్కెట్ల దాకా అక్కడ దొరకనిది లేదు. వాగుకు అవతల ఇరవై రెండు ఇళ్ళున్నాయి. కొట్టుకు వచ్చేవాళ్ళలో సగం మంది ఆ ఇళ్ళవాళ్ళే. వంతెన మీదుగా అయితే నాలుగు నిమిషాలు. రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలంటే రెండు మైళ్ళు. అగ్గిపెట్టె కోసం రెండు మైళ్ళు నడిచే మనిషి ఇంకా పుట్టలేదని ముప్పై ఏళ్ళ వ్యాపారంలో పిల్‌బీమ్‌కు తెలిసింది. ఈ లెక్కన వంతెన వేసవి చివరి దాకా మూసి ఉంటే, కొట్టు కూడా దాని దారే పడుతుంది.

అయినా అతను కంగారు పడలేదు. కొట్టు వెనక షెడ్డులో సరిగ్గా ఆ కొలతకు పలక ఉంది. ఆరు మేకులు, అరగంట పని. పలక ఉచితంగా ఇస్తానని, తానే బిగిస్తానని తర్వాతి సమావేశంలో లేచి చెప్పాడు. అంతటితో వంతెన బాగుపడే దారి మూసుకుపోయింది.

కౌన్సిల్ గుమాస్తా నోక్స్ గొంతు సవరించుకున్నాడు. ఏ విషయంలోనైనా స్వప్రయోజనం ఉన్న సభ్యుడు, ఆ విషయం చర్చకు వచ్చినప్పుడు గది విడిచి వెళ్ళాలన్నది నియమం. ఇంతటి ధర్మబద్ధమైన నియమం మరే దేశంలోనూ లేదని మార్‌స్టోక్ వాసుల నమ్మకం.

"మీ బేరమంతా ఆ వంతెన మీదుగానే గదండీ వచ్చేది" అన్నాడు నోక్స్, పాపం నొచ్చుకుంటూనే. "పైగా పలక కూడా మీదేనాయె. అంటే స్వప్రయోజనాలు రెండు. లెక్క ప్రకారం రెండుసార్లు బయటికి వెళ్ళాలి. ఒకసారితో సరిపెడదాం లెండి."

పిల్‌బీమ్ వరండాలోకి వెళ్ళాడు. అక్కడ బ్యాడ్మింటన్ వలలూ, క్రిస్మస్ నాటకంలో వాడే అట్ట ఒంటె తలా ఉన్నాయి. లోపల, పలక గురించి తెలిసిన మనిషి బయటికి వెళ్ళాడు గనుక, పలక గురించి నిష్పక్షపాతంగా చర్చ మొదలైంది. గుర్రాలు పెంచిన అనుభవం కొద్దీ ఒకరు ఓక్ చెక్క మేలన్నారు. పియానో నేర్పిన అనుభవం కొద్దీ మరొకరు దేవదారు అన్నారు. పలక పొడవు మనిషి పొడవంత ఉండాలని ఒకరు సూచించగా, ఏ మనిషి అన్న ప్రశ్న తలెత్తింది.

"ఒకటిన్నర గజం!" అని పిల్‌బీమ్ తలుపు అవతలి నుంచి అరిచాడు.

నోక్స్ తలుపు తీశాడు. "మిస్టర్ పిల్‌బీమ్, మీరు వరండాలో ఉన్నప్పుడు మీ గొంతు కూడా వరండాలోనే ఉండాలండీ" అని, మర్యాద తప్పకుండా ఒక కప్పు టీ, రెండు బిస్కెట్లు చేతికిచ్చి తలుపు వేసుకున్నాడు.

మార్చిలో పలకపై ఉపసంఘం ఏర్పడింది. ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వంతెన పట్ల మీ భావన ఏమిటి అన్న ప్రశ్నతో కాగితాలు పంచి, వాటిని వేయడానికి ఒక పెట్టెను పిల్‌బీమ్ కొట్టులోనే పెట్టారు. అవతలి ఒడ్డువాళ్ళు దాన్ని చేరాలంటే వంతెన దాటాలి. మూడు జవాబులు వచ్చాయి. రెండు కుక్కల యజమానుల బాధ్యతారాహిత్యం గురించి, ఒకటి పోయిన గొడుగు గురించి. ప్రజలు వంతెన విషయంలో తృప్తిగా ఉన్నారని ఉపసంఘం నిర్ధారించి, మూసిన వంతెనను చూడవచ్చేవారు నిలబడలేకపోతున్నారన్న సానుభూతితో ఇవతలి ఒడ్డున ఒక బెంచీ వేయించింది.

మే నెల వచ్చేసరికి కొట్టు తలుపు గంట రోజుకు పదకొండుసార్లకు మించి మోగడం లేదు. అందులో రెండుసార్లు గాలి. పిల్‌బీమ్ ఒక ఆదివారం తెల్లవారుజామున పలక, సుత్తి పట్టుకుని వెళ్ళాడు. అరగంట అనుకున్నది ఇరవై రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుని, రొట్టెలు రెట్టింపు తెప్పించి, గంట కోసం ఎదురుచూశాడు.

సోమవారం కూడా గంట పదకొండుసార్లే మోగింది. మంగళవారం రొట్టెలు గట్టిపడ్డాయి. బుధవారం వాగు దగ్గరికి వెళ్ళి చూస్తే అవతలి ఒడ్డున విని టాప్లీ అనే ముసలావిడ నిలబడి ఉంది. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, చక్రాల సంచి పట్టుకుని, వంతెనకు రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"రండి విని గారూ, బాగైపోయింది" అన్నాడు పిల్‌బీమ్.

"కనిపిస్తూనే ఉంది నాయనా. మేకులు కూడా కొత్తవి, మెరుస్తున్నాయి."

"మరింకేం?"

"బోర్డుందిగా. మూసేశామని రాసుంది."

పిల్‌బీమ్ వంతెన నడుమకు వెళ్ళి కొత్త పలక మీద మూడుసార్లు ఎగిరాడు. "చూశారా? ఏనుగు నడిచినా కదలదు."

"దిగు, దిగు! ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? మెంబరువై ఉండి, మూసిన వంతెన మీద గెంతులేమిటి?" అంటూ ఆమె అటూ ఇటూ చూసింది. "నీ పలకకేం, బంగారంలా ఉంది. కానీ బాగుంటే వాళ్ళే బోర్డు తీసేవాళ్ళు కదా."

"నేను పీకేస్తా" అని పిల్‌బీమ్ జేబులోంచి మరలు తిప్పే కడ్డీ తీశాడు.

"పీకెయ్యి. నేను చూడలేదనే అంటాను." విని టాప్లీ ఒక్క క్షణం ఆలోచించింది. "కానీ ఎవరైనా సూటిగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను నాయనా, నా సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. పిల్‌బీమ్ కడ్డీని జేబులో పెట్టుకున్నాడు. విని టాప్లీ సంచి లాక్కుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

మూసి ఉన్న వంతెన అనుమతి లేకుండా బాగుపడినట్టు జూన్ సమావేశంలో కౌన్సిల్ దృష్టికి వచ్చింది. విరిగిన పలక కన్నా పుట్టుపూర్వోత్తరాలు తెలియని పలక ప్రమాదకరమని నోక్స్ వివరించాడు. విచారణ పూర్తయ్యేవరకు మూసివేతను కట్టుదిట్టం చేశారు. ఆ సందర్భంలోనే అధ్యక్షురాలు మిసెస్ హార్గ్రీవ్‌కు మహత్తరమైన ఆలోచన తట్టింది. జూలైలో పూలతో అలంకరించిన గ్రామాల పోటీకి న్యాయనిర్ణేతలు వస్తున్నారు. వంతెన ఖాళీగానే ఉంది. కమ్మీల పొడవునా పూలబుట్టలు వేలాడదీస్తే, వంతెన మీద నడిచేవాళ్ళు లేరు గనుక నీళ్ళు ఎవరి కాళ్ళ మీదా కారవు.

పంతొమ్మిది బుట్టలు కావాలి. గొలుసులు, కొక్కేలు, కుండీ మట్టి, మొక్కలు కావాలి. అవి అమ్మే కొట్టు ఊళ్ళో ఒకటే. పిల్‌బీమ్ చెప్పించుకోకుండానే లేచి వరండాలోకి వెళ్ళాడు. ఆ రోజు ఒంటె తల కూడా తనను చూసి నవ్వినట్టు అనిపించింది.

జూలైలో మార్‌స్టోక్‌కు ప్రథమ బహుమతి వచ్చింది. మనిషి అడుగుజాడ తగలని ప్రశాంతత అని న్యాయనిర్ణేతలు వంతెనను మెచ్చుకున్నారు. పత్రికలో ఫొటో పడింది. పక్క ఊళ్ళనుంచి కార్లలో జనం వచ్చి, బెంచీ మీద కూర్చుని, వంతెనను తనివితీరా చూసి, లేచి కొట్టుకు వెళ్ళి ఐస్‌క్రీములు, కుండీలు, అచ్చు అలాంటి బుట్టలే కొనుక్కున్నారు. ఆగస్టులో ఒక శనివారం గంట నూట నలభైసార్లు మోగింది. తర్వాత పిల్‌బీమ్ లెక్కపెట్టడం మానేశాడు.

సెప్టెంబరులో అవతలి ఒడ్డు ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ సంతకాలు చేసిన అర్జీ వచ్చింది. వంతెన బాగానే ఉందట, బోర్డు తీసేయాలట. అర్జీ మీద మాట్లాడటానికి విని టాప్లీ రెండు మైళ్ళు చుట్టూ నడిచి వచ్చింది. ప్రజలకు కేటాయించిన మూడు నిమిషాల్లో రెండున్నర నిమిషాలు ఆయాసం తీర్చుకోవడానికి సరిపోయాయి.

"చలికాలం వస్తోందండీ" అంది మిగిలిన అర నిమిషంలో. "ఈ నడక ఇంకో చలికాలం నా వల్ల కాదు."

మిసెస్ హార్గ్రీవ్ లేచింది. "మన పూర్వీకులు వాగు దాటడానికి వంతెన కట్టారు. అది వాళ్ళ కాలానికి చాలింది. మనం ఆ వంతెనను దాటడమనే చిన్న ప్రయోజనం నుంచి విముక్తం చేశాం. ఇవాళ అది ఒక ఒడ్డును ఇంకో ఒడ్డుతో కాదు, మార్‌స్టోక్‌ను యావత్ దేశంతో కలుపుతోంది. మిసెస్ టాప్లీ నడకను మేం ఎంతో గౌరవిస్తాం. ఆ నడక ఆరోగ్యానికి కూడా మంచిదే."

చప్పట్లయ్యాక నోక్స్ ఎప్పటిలాగే అడిగాడు. "ఈ విషయంలో స్వప్రయోజనం ఉన్న సభ్యులెవరైనా ఉన్నారాండీ?"

అందరూ పిల్‌బీమ్ వైపు చూశారు. ముగ్గురు తెరవాలంటున్నారని, ముగ్గురు వద్దంటున్నారని ఊరంతటికీ తెలుసు. పిల్‌బీమ్ బయటికి వెళితే, ఓట్లు సమానమైనప్పుడు అధ్యక్షురాలు వేసే రెండో ఓటుతో వంతెన మూసే ఉంటుంది, అతని చేతికి మట్టి అంటదు. లోపల ఉండి తెరవమంటే తెరుచుకుంటుంది. అతను మనసులో తక్కెడ ఎత్తాడు. ఒక పళ్ళెంలో రోజుకో రొట్టె, వారానికో బల్బు, అగ్గిపెట్టె, విని టాప్లీ. ఇంకో పళ్ళెంలో పంతొమ్మిది బుట్టలు, వచ్చే ఏడు ముప్పై ఎనిమిదికి పెంచుతామన్న హామీ, కార్లు. పైగా లేచి వెళితే, ఎందుకు లేచావని ఎవరైనా అడగవచ్చు, అప్పుడు బుట్టల లెక్క చెప్పాల్సి వస్తుంది.

"నాకేం లేదండీ" అన్నాడు కుర్చీలో సర్దుకుంటూ, మూసి ఉంచే వైపు చెయ్యెత్తాడు.

కొట్టుకు రావలసిన బేరాన్ని సైతం త్యాగం చేసి, ఊరి మేలు కోరిన మిస్టర్ పిల్‌బీమ్‌కు కౌన్సిల్ ప్రత్యేకంగా కృతజ్ఞతలు నమోదు చేసింది.

విని టాప్లీ సంచి అందుకుంటూ అతని పక్కన ఆగింది. "వరండా కన్నా లోపలే వెచ్చగా ఉందన్నమాట నాయనా" అని, తిరుగు ప్రయాణానికి కోటు గుండీలు పెట్టుకుంది.

అవతలి ఒడ్డువాళ్ళు ఈ తీర్మానాన్ని ముక్తకంఠంతో ఖండించారు. ఆ తర్వాతి ఆదివారం ఎండ బాగా కాసింది. వాళ్ళలో చాలామంది పిల్లాపాపలతో రెండు మైళ్ళు చుట్టూ నడిచి వచ్చి, బెంచీ దగ్గర వరుస తప్పకుండా నిలబడి, పూల వంతెన ముందు ఫొటోలు దిగారు. మన ఊరికి బహుమతి అంటే మాటలా అనుకున్నారు. నడుమ పలక కొత్తదని, గట్టిగా ఉందని గమనించినవాళ్ళూ ఉన్నారు. సాయంత్రం కాగానే బోర్డును ఒకసారి చదువుకుని, మళ్ళీ రెండు మైళ్ళూ నడిచి ఇళ్ళు చేరారు.

ఇది చదువుతున్న మీరైతే బోర్డు పక్కకు నెట్టి దాటేసేవారే. అందులో సందేహం లేదు. ఫిబ్రవరిలో పిల్‌బీమ్ కూడా అదే మాట అనేవాడు.